గోల కాదు, వాన

కొత్త లాప్‌టాప్ డబ్బా విప్పితే
రంగు ఆరని పడవ వాసన.
పద్నాలుగు వలలు బాగుచేసిన డబ్బది.
ఇకమీద పని కావాలంటే కంప్యూటర్లోనే అడగాలట.
సహకార సంఘం గుమాస్తా ఫిదేల్ చెప్పాడు,
నా ముఖం చూడకుండా, తన తెర చూస్తూ.

చిలోయే దీవిలో జూలై.
పొయ్యిలో తడికట్టెలు బుసకొడుతున్నాయి.
బల్ల మీది సగం వల పక్కకి నెట్టి
ఈ నల్లటి పలకను కూర్చోబెట్టాను.
మూలన చిన్న గొడుగు లాంటి గుర్తు
నిండుగానే విచ్చుకుంది.
పేజీ మాత్రం తెరుచుకోదు.
"ఈ చోటు నమ్మదగినది కాదు" అంటుంది ఎర్రక్షరాల్లో,
నేను పుట్టిన వీధి గురించి ఎవరో అన్నట్టు.

వల చిరిగితే నాకు తెలుస్తుంది.
కళ్లు మూసుకుని వేళ్ల మధ్య జార్చుకుంటూ పోతాను,
కన్ను తర్వాత కన్ను.
ఎక్కడ వేలు ఊరికే జారిపోతుందో
అక్కడే చిరుగు.
దీనికి వేలు పెట్టేందుకు చోటేది?
తిరగేసి చూశాను. ఊదాను.
తీగ పీకి మళ్లీ గుచ్చాను.
పక్కింటి ఒయార్సో వచ్చి
రౌటర్ నెత్తిన రెండు దెబ్బలేశాడు.
పడవ మోటారుకి అతను చేసే వైద్యమూ అదే.

సాయం చేసే నంబరుకి ఫోన్ చేశాను.
ఇరవై రెండు నిమిషాలు సంగీతం.
ఆ తర్వాత ఒకమ్మాయి. పేరు యారిత్సా.
ఊరు అంతోఫగాస్తా,
దేశానికి ఆ కొస, ఎడారి అంచు.
"అమ్మా, మీ లైన్లో గోలగా ఉంది,
ఏమైనా వేపుతున్నారా?"
"గోల కాదు తల్లీ, వాన. రేకుల మీద."

కాసేపు మాట లేదు.

"రౌటర్ ఆపండి. ముప్పై లెక్కపెట్టి మళ్లీ వేయండి."
ఆపాను. లెక్క మొదలెట్టాను.
పన్నెండు దగ్గర, మెల్లగా,
పైవాళ్లు వింటారేమో అన్నట్టు,
"ఫోన్ కిటికీ దగ్గర పెడతారా?" అంది.
పెట్టాను.
ముప్పై దాటింది. నలభై దాటింది.
డెబ్బై దాకా నేను ఆపలేదు,
ఆమె ఆపమనలేదు.
"మాకు నాలుగు చినుకులు పడితే బడికి సెలవమ్మా."

మళ్లీ వేశాం. గొడుగు విచ్చుకుంది. పేజీ రాలేదు.
విమానం బొమ్మ ఆరిపోయే ఉంది.
పాస్‌వర్డు మా పిల్లి పేరే, తప్పెలా అవుతుంది?
ఏవేవో అంకెలు చదివించింది, మధ్య చుక్కలతో సహా,
పోయిన లాటరీ టికెట్టు చదివినట్టు చదివాను.
చివరికి,
"కింద కుడిమూల తేదీ ఎంతుంది?"

నాలుగేళ్ల కిందటి మార్చి.

"అదేనమ్మా!" నవ్వింది.
"డబ్బాలో పడుకుని కాలం మరిచిపోయింది.
అవతలివాళ్లు చూపించే కాగితాల మీదివి
దాని లెక్కలో ఇంకా రాని రోజులు.
అందుకే నమ్మడం లేదు. తేదీ మార్చండి."

ఏడు సముద్రాలు ఈది
ఇంటి వెనక కాలువలో పడ్డానన్నమాట.

కానీ చెయ్యి ఆగింది.
ఆ మార్చికి నేనింకా రోసాల్బాను అమ్మలేదు.
పడవకి పసుపు రంగేయించి నెల కాలేదు.
నా ముందరి పళ్లు రెండూ ఉన్నాయి.
ఒయార్సో ఇంకా నా దగ్గర అప్పు తీసుకోలేదు,
వచ్చి దెబ్బలేసి సాయపడే అవసరమూ లేదు.
ఇంత లోకంలో
ఆ నెల ఇంకా నడుస్తోందనుకునేది
ఈ పలక ఒక్కటే.

"అమ్మా, ఉన్నారా?"
"ఉన్నా."
సంవత్సరం పక్కనున్న బాణం నాలుగుసార్లు నొక్కాను,
నొక్కినప్పుడల్లా ఒక చలికాలం.

పేజీ వచ్చింది.
సంఘం ముద్ర, కింద ఖాళీ గడులు.
పేరు: ఒతీలియా చిగ్వై.
వృత్తి దగ్గర వాళ్లే ఒక జాబితా ఇచ్చారు,
అందులో వలలు బాగుచేసేవాళ్లు లేరు.
'ఇతరములు' నొక్కాను.

"ఇంకేమైనా సాయం కావాలా?"
అందరితో అనాల్సిన మాటే అంది.
"నాకేం వద్దు. నీకు?"
"ఇంకొక్క నిమిషం," అంది.
ఫోన్ మళ్లీ కిటికీలో పెట్టి
సగం వల దగ్గరికి లాక్కున్నాను.