జేబుల మిగిలినయి

సజ్జా క్యాంపుల రెండో బ్లాకు కింద
నాలుగు మషీన్లు, అండ్ల ఒకటి ఎప్పటికీ ఖరాబే.
నూటా అరువై అంగీలు. అన్నీ గదే నీలం.
వీపు మీద కంపిని పేరు,
మనిషి పేరు ఏడ లేదు.

వచ్చిన కొత్తల పెన్నుతోని నంబర్లు ఏసిన.
మూడో ఉతుకుకే ఎనిమిది సున్నా అయింది.
బుచ్చిమల్లు లాగుల ఇరుక్కొని ఓదెలు
ఆ దినమంతా కూసోకుంట పని చేసిండు.
మేస్త్రీ మెచ్చుకున్నడు గూడ.

అప్పటి సంది దారం.
కాలర్ లోపట ముడులు ఏస్త.
ఎర్రది రెండు ముడులు బుచ్చిమల్లు,
నల్లది ఒక్కటే, గది ఓదెలుది,
తెల్లది ఐదు ముడులు నేపాలాయన,
ఆయన పేరు నాకు నోరు తిరగది.
కరెంటు పోయినా నా బొటనేలు చదువుతది.

మొన్న ఐతారం ఒక పిలగాడు వచ్చిండు దుబాయి నుంచి.
ఇస్త్రీ నలగని తెల్లంగీ, భుజానికి ల్యాప్‌టాపు,
తెనాలి దిక్కు మాట. హిమతేజ అన్నడు పేరు.
"అన్నా, మీకు రోజూ ఎదురయ్యే సమస్య ఏంటి?
ఇప్పటిదాకా ఎవరూ తీర్చనిది చెప్పండి.
దానికి నేనో యాప్ చేస్తాను."

పదహారేండ్లల్ల గీ ముచ్చట ఎవలూ అడగలే.
ముందు నవ్వొచ్చింది.
ఇగ ఏం చెప్పాలెనో తోచక
"అంగీలు కలిసిపోతయి" అన్న.
ఖుషీగా రాసుకున్నడు.
అంగీకొక చుక్కల చుక్కల బిళ్ళ అంటిస్తడట,
ఫోను పెడితే పేరు చెప్తదట.
"ఎన్ని ఉతుకులు ఆగుతది?" అన్న.
రాస్తున్న చెయ్యి ఆగింది.

అసలియి చెప్పలే నేను.
అవి నీళ్ళల్ల ఏసే ముందు జేబులల్ల దొరుకుతయి.

సగం బీపీ గోలి, రేపటికని కాగితంల చుట్టింది.
పైసలు పంపిన రసీదులు రెండు,
పోయిన నెల వెయ్యి, ఈ నెల మూడొందలు.
బ్యాంకోని ఇంగిలీషు మెసేజి
ఎవలనో బతిమాలి తెలుగుల రాయించుకున్నది,
సగం రాసేసరికి రాసేటోని బస్సు వచ్చినట్టుంది.
ఒక కాగితం మీద
పెన్సిలుతోని చుట్టూ గీసిన చిన్న పాదం.
చెప్పులు కొననీకె కొలత.
సెలవు దొరికి, కొని, ఇంటికి పోయేటాల్లకు
ఆ పాదం అంతే ఉంటదా?
ఎంత పెరుగుతదో ముందుగాల చెప్పేది ఏమన్న ఉందా
అని అడగాలెననుకున్న పిలగాన్ని.
అడగలే. నా కాగితం కాదది.

అన్నీ నిడో డబ్బల ఏస్త.
ఎవలియి వాళ్ళు తీస్కపోతరు,
పక్కోనిది ముట్టరు.
ఒకటి రెండు మిగులుతయి.

చాయ్ తాపిన. గ్లాసు జారి తెల్లంగీ మీద పడ్డది.
"ఇడువు బిడ్డా, ఇప్పుడే ఉతుకుత" అని
ఆరిన నీలమంగీ ఒకటి ఇచ్చిన.
ఇంతల ఎవలో ఫోను చేసిండ్రు.
"సార్, సార్, వస్తున్నా సార్" అనుకుంట
గదే అంగీతోని ఉరికిండు.
గేటు కాడ వాచ్‌మన్ ఆపిండట,
కార్డు చూపెట్టమని.

తెల్లంగీ నీళ్ళల్ల ఏసే ముందు
చెయ్యి దానంతట అదే జేబులకు పోయింది.
చిన్న చీటీ.
వీసా ఇంకా పద్దెనిమిది రోజులు.
బెడ్‌స్పేస్ బాకీ రెండు నెలలు.
నలభై రెండు మందిని అడిగాను,
ఒక్కరూ అసలు సమస్య చెప్పడం లేదు.

డబ్బల ఏసిన.

ఐతారం పోయింది, ఇంకో ఐతారం పోయింది.
తీగ మీద నీలాల నడుమ ఒక్కటే తెల్లది.
కలిసిపోతదన్న భయం లేదు,
అయినా కాలర్ లోపట ముడి ఏసిన.
పసుపు దారం. ఆ రంగు ఎవలకూ ఇయ్యలే ఇంకా.

ఇగ ఓదెలు పొద్దుగాల్ల పొద్దుగాల్ల
బనీను మీద వచ్చి నిలబడుతడు.
"నా అంగీ ఏది మామా?"

ఏ దిక్కని చూపెట్టాలె?
నల్లదారం ఒక్క ముడి
ఏ రోడ్డు మీద, ఎవని మెడ ఎనుక తిరుగుతుందో.