వినికిడి

స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి
ఇంజిన్ల గుండె విన్నవాణ్ణి,
మలక్‌పేట షెడ్డులో ఇరవై ఆరేళ్ళు.
ఈ బండిలో వినడానికేమీ లేదు.

గచ్చిబౌలి దగ్గర రింగురోడ్డెక్కి
కాలు కాస్త ఆనించానో లేదో
వీపు సీటుకి అతుక్కుపోయింది.
ఎడంచెయ్యి గేరు కోసం వెతికింది
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు.

అంత వేగంలోనూ
వెనక సీట్లో టిఫిన్ డబ్బా మూత గలగల.
పక్కన సుగుణ సన్నగా ఏదో కూనిరాగం.
ఇన్నేళ్ళూ కారెక్కితే పాడుకుంటూనే ఉందట.
ఇవాళ వినపడింది.

నిరుడు శంషాబాద్ దాటాక
ఒక్కటే ప్లగ్గు,
దానికీ 'పనిచేయదు' అని అట్టముక్క.
తొమ్మిది శాతంతో, ఏసీ ఆపేసి,
గాలి తగలకుండా లారీ వెనక దాక్కుంటూ
చెమటతో ఇల్లు చేరాం.
ఆ రాత్రి సుగుణ మాట్లాడలేదు.

ఇప్పుడక్కడే ఆరు స్తంభాలు, పచ్చదీపాలు.
కేబుల్ బర్రె పగ్గంలా బరువు.
పక్క బండి ఖలీల్, క్యాబ్ నడుపుతాడు,
"ఎంతయిందన్నా?" అంటాడు
జ్వరం ఎంతని అడిగినట్టు.
"అరవై ఒకటి."

సగం టై బిస్కెట్ నా చేతిలో పెట్టి
బానెట్ ఎత్తాడు.
లోపల ఏదో చిన్న చప్పుడట,
ఎవరికీ దొరకట్లేదట.

జేబు తడుముకున్నాను.
ఉంది, స్క్రూడ్రైవర్.