ఆరు గడులు

జూన్ ముప్పై, రాత్రి పదింపావు.
గాదిరాజు గారు షట్టరు సగం దించారు.
నన్ను ఇంటికి పొమ్మని కాదు,
దోమలు రాకుండా.

కాలవ అవతల లాకుల దగ్గర ఒక్కటే లైటు.
ఇవతల నా తెర మీద ఆగకుండా తిరిగే చిన్న చక్రం.
పన్నెండు దాటితే పాలకొల్లు మొత్తం నిద్రపోవచ్చు,
పోర్టల్ మాత్రం జరిమానా రాసుకుంటుంది.

"అమ్మినవెన్నో, వెనక్కి తెచ్చినవెన్నో
కిలోల్లో చెప్పాలంటమ్మా రత్నమాంబా.
మీద వశిష్ఠ అని మన పేరు అచ్చయితే చాలు,
అది చచ్చేదాకా పూచీ మనదేనంట."
బాకీ తీర్చాక కూడా నోటు తిరిగివ్వని
షావుకారు మీద ఫిర్యాదులా చెప్తారాయన.

అమ్మినవి నాకు తెలుసు, బిల్లుబుక్కులున్నాయి.
మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల జనరేటర్లకి,
అంతర్వేది బోట్లకి,
ఇక ఇన్వర్టర్లంటారా, తుఫాను కబురొచ్చిన వారం
జనం ఉల్లిపాయలు కొన్నట్టు కొన్నారు.

వెనక్కి రావడం అలా ఉండదు.
అది జిలానీ సైకిలు మీద వస్తుంది.
బెల్లు లేదు, గొలుసు కిర్రుమంటుంది.
క్యారియర్ మీద రెండు, ట్యూబు ముక్కతో బిగించి,
హ్యాండిలుకి వేలాడుతూ ఒకటి.
కాటా మీద ఒక్కోటీ పదకొండు.
మేం అమ్మిననాడు పదిహేను.
తగ్గిన నాలుగు కిలోలకి
పోర్టల్లో కాలమ్ లేదు.

ఒకసారి అడిగాను.
"నీళ్లేనమ్మా. మోయలేక ఒంపేశాను."
ఎక్కడ?
"పంటకాలవలో కాదు, ఒట్టు. బోదెలో."
డెల్టాలో పుట్టినవాళ్లకి
నీళ్ల చుట్టరికాలు ఎవరూ చెప్పక్కర్లేదు.
బోదె చేనుకి, చేను మురుక్కాలవకి,
మురుక్కాలవ ఉప్పుటేరుకి.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.
మోకాళ్ల కింద అతని ప్యాంటు జల్లెడ.

ఆ రోజే మూత ఊడబెరికి చూపించాడు.
లోపల ఆరు గడులు,
గడి గడిలో సీసం పలకలు,
వరదలో నాని ఎండిన పుస్తకాల్లా.
నా తెర మీదా గడులే.
వీటిలోనూ ఏదో ఒకటి పొయ్యాలి,
లేకపోతే పచ్చరంగు వెలగదు.

పదకొండుకి విజయవాడ నించి ఫోను.
"ఎన్ని కిలోలు తక్కువ మేడం?
మా దగ్గర సర్టిఫికెట్లున్నాయి. పది నిమిషాలు చాలు."
ఆ గొంతుకి బరువు లేదు.
కిలోలమ్మే ఆ మనిషి
జన్మలో కాటా ముట్టుకుని ఉండడు.
గాదిరాజు గారు గోళ్లు చూసుకుంటూ
"నీ ఇష్టం" అన్నారు.
ఇన్నేళ్లలో ఆ మాట రెండోసారి.
మొదటిసారి, జీతం పెంచమన్నప్పుడు.

ఫోను పెట్టేశాను. కొట్టాను.
అమ్మింది నాలుగువేల ఆరువందల పది.
వచ్చింది ఎనిమిదివందల ముప్ఫైరెండున్నర.
ఆ అర వదిలేస్తే లెక్క నున్నగా ఉండేది.
అది కూడా అతను తొక్కిందే కదా, వదల్లేదు.

గడి ఎర్రబడింది. కారణం రాయమంది.
ఇంగ్లీషులో కారణాలు నాకు రావు, తెలుగులో రాశాను:
మిగతావి ఉన్నాయి.
కొన్ని చెరువుగట్టు షెడ్లలో తుప్పు తాగుతూ,
కొన్ని మంచంకోళ్ల కింద, ఎత్తుకి,
కొన్నిటిని పగలగొట్టి, సీసం కరిగించి
వలలకి గుళ్లు పోసుకున్నారు.
నీళ్ల సంగతి మీరు అడగలేదు.
అడిగితే చెప్తాను.

పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా రసీదు వచ్చింది.
అంకెలన్నీ పదిలంగా ఉన్నాయి.
నా తెలుగు మాత్రం దానికి ఎక్కలేదు.
అక్షరానికొకటి చొప్పున ఖాళీ గళ్లు,
వరస వెంట వరస,
దార్లో ఎవరో ఒంపేసి తెచ్చినట్టు.

ప్రింటు తీసి మడతపెట్టాను.
రేపు జిలానీకి చూపించాలి.
అతనికి చదువు రాదు.
ఇది చదవగలడు.