లోపలికి పీల్చిన అవును

ఎనిమిది వారాల పని. జీతం రెండు విడతలు.
మొదటి రోజున హోగ్ని, త్రోండుర్ చేతికి
హెడ్‌ఫోన్లూ, ఒక తాళం చెవీ, నాలుగు పేజీల నియమాలూ ఇచ్చాడు.
తాళం చెవి కాఫీ బీరువాది.
నియమాల్లో ఆరోది ఇలా ఉంది:
దగ్గు, తుమ్ము, కుర్చీ కిర్రు, కుక్క, ఊపిరి –
ఇవి మాటలు కావు. గుర్తు పెట్టి తీసెయ్యాలి.

టోర్స్‌హావ్న్ రేవులో జూన్.
రాత్రి పదకొండైనా చీకటి, పడదామా వద్దా అని
కొండ అవతలే నసుగుతుంటుంది.
పచ్చిక కప్పుల మీద వాన, ఆగకుండా, పెద్ద పట్టింపు లేకుండా.
స్నేహితులు పడవల షెడ్డు దగ్గర చేపలు కాలుస్తూ
రమ్మని మూడుసార్లు కబురు పెట్టారు.
అతను డెబ్భై రెండో సంవత్సరపు టేపులోంచి
ఒక ముసలమ్మ గొంతుని
క్షణంలో వందో వంతు చొప్పున తరుగుతున్నాడు.

ఆవిడ పేరు మార్యున్. సాందోయ్ దీవి మనిషి.
ఏ ఇంటి గొర్రెకు చెవి ఎలా కోస్తారో చెబుతోంది.
కుడిచెవి కొన కత్తిరిస్తే ఒక పేరు,
వెనకవైపు చీలిస్తే ఇంకోటి,
రెండూ చేస్తే ఆ ఇంటివాళ్ళని నమ్మకూడదట.
త్రోండుర్‌కి ఆ పేర్లు ఒక్కటీ తెలీవు.
తన సొంత భాషే.
నిఘంటువు తెరిస్తే అందులోనూ సగం లేవు.

పక్క కుర్చీ రన్వాది. భాషాశాస్త్రం, రెండో ఏడు.
అతనికి లెక్కలొచ్చు, ఆమెకు వినడం వచ్చు.
ఇద్దరికీ కలిపి బల్ల ఒకటే, హీటరు ఒకటే.
దాన్ని ఎటు తిప్పాలన్నదే మొదటి రెండు వారాల చర్చ.

మూడో వారం యంత్రం లెక్క తేల్చింది:
నలభై నిమిషాల్లో మార్యున్
పదిహేడుసార్లు కాదంది.
అవునని ఒక్కసారీ అనలేదు.
మొండిఘటం, అని హోగ్ని నవ్వాడు.

రన్వా నవ్వలేదు.
అతని చెవి మీంచి ఒక హెడ్‌ఫోను లాక్కుని
కొంచెం వెనక్కి జరుపు, అంది. ఇంకొంచెం.
అడిగేవాడి ప్రశ్న. తర్వాత ఖాళీ.
ఈ ఖాళీలో ఏముండేది?
ఊపిరి, అన్నాడు. ఆరో నియమం. తీసేశాను.

ఆమె అతనివైపు తిరిగి
గాలిని చటుక్కున లోపలికి పీల్చింది.
నేనిప్పుడేమన్నాను?
అవునన్నావు, అన్నాడు.
అని ఆగిపోయాడు.

రొట్టెల కొట్టులో అమ్మాయి అలాగే అంటుంది.
వాళ్ళమ్మ అంటుంది, ఫోనులో, గంటకు అరవైసార్లు.
తనూ అంటాడు. పొద్దున్నే హోగ్నితో అన్నాడు.
మనం ఊపిరి వదులుతూ ఊ కొడతాం,
వీళ్ళు పీలుస్తూ కొడతారు.
(ఊపిరిలో మొదటి అక్షరం ఊ అని
ఇన్నేళ్ళూ నాకూ తట్టలేదు.)

చెత్తబుట్టలోంచి మూడువందల పన్నెండు ఊపిరులు తిరిగొచ్చాయి.
ఒక్కొక్కటే విన్నారు.
మెట్లెక్కి వచ్చిన ఆయాసం కొన్ని.
వేడి టీ ఊదుకున్నవి రెండు.
మిగతావన్నీ అవునులే –
కొండ దిగేది అక్టోబరులోనా? అవును.
ఆ ఏడు మంచు ఎక్కువా? అవును.
మీ పెళ్ళి కూడా ఆ ఏడేనా? అవును, అవును,
రెండోది కొంచెం సిగ్గుతో.

రెండువందల పంతొమ్మిదోది మాత్రం తేలలేదు.
మీ ఆయన వెళ్ళింది ఆ ఫిబ్రవరి పడవలోనేనా,
అని అడుగుతాడతను.
టేపు గరగర.
ఒక ఊపిరి లోపలికి వెళుతుంది.
బయటికి వచ్చిన చప్పుడు లేదు.

అవును, అని గుర్తు పెట్టాడు త్రోండుర్.
ఊపిరే, అంది రన్వా. వట్టి ఊపిరి.
రెండు రోజులు మాటల్లేవు.
హీటరు గోడవైపు తిరిగి ఉంది.

ఆగస్టు చివర నివేదికలో
తప్పులు మూడు శాతం తగ్గాయని రాశారు.
ఏడో నియమం చేరింది, రన్వా చెప్పినట్టే.
ఆ ఒక్క వరసలో మాత్రం
అతని గుర్తూ ఆమె గుర్తూ
కలవకుండా, పక్కపక్కనే ఉండిపోయాయి.

తాళం చెవి తిరిగివ్వడం మరిచిపోయి
త్రోండుర్ బస్సెక్కాడు.