కడగని ప్లేటు

రాత్రి పదకొండింటికి నేను వచ్చేసరికి
అగాథ దుప్పటి ముసుగులోంచి గురక పెడుతుంటుంది.
డెల్ఫిస్ టీవీ ఆపేసి
ఆ నల్లటి అద్దంలో తన్ను తాను చూసుకుంటుంటాడు.
ఎల్ఫేజ్ గది తలుపు మూసి ఉంటుంది.

సెయింట్ మేరీస్ బే ఒడ్డున, చేపల ఫ్యాక్టరీ దాటాక, పసుపుపచ్చ ఇల్లు.
పొగమంచు దిగితే ఇల్లు కనపడదు,
వరండా దీపం ఒక్కటే గాల్లో వేలాడుతుంది.
ఇక్కడికి రాకముందు ఆ ఫ్యాక్టరీలో స్కాలప్ గుల్లలు విప్పేదాన్ని.
కత్తి మొన ఎక్కడ పెడితే గుల్ల నోరు తెరుస్తుందో
నా వేళ్లకి తెలుసు.
ఆ విద్య ఇక్కడ పనికిరాలేదు.

ఎల్ఫేజ్ వచ్చి పద్నాలుగు నెలలు.
అంతకుముందు నలభై ఒక్కేళ్లు ఒక పెద్ద భవనంలో ఉన్నాడు:
ఒకే హాల్లో ఇరవై రెండు మంచాలు,
ఉతికొచ్చిన చొక్కా ఎవరికి దొరికితే వాళ్లది.
వచ్చిన రోజు చేతిలో బ్రెడ్డు సంచి,
అందులో ఒక బెల్టు, వెనక మూత పోతే టేపు అంటించిన రేడియో.
గది చూపించి తాళంచెవి చేతిలో పెట్టాను.
"ఎవరిది?"
"నీదే."
"రాత్రికి ఎవరికి ఇచ్చెయ్యాలి?"

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టాడు.
లోపల్నుంచి.
తన గదిలోంచి తను బయటికి రావడానికి.

మొదట్లో పరిగెత్తుకెళ్లి తీసేదాన్ని.
'నువ్వు తీసినకొద్దీ అది నీ తలుపే అవుతుంది' అంది బెర్నిస్.
ఆ మర్నాడు నేలమీద కూర్చున్నాను, గోడకి వీపు ఆనించి.
అటు అతను తట్టడం,
ఇటు నేను "తీసే ఉంది ఎల్ఫేజ్" అనడం.
నలభై నిమిషాలు. టీ చల్లారిపోయింది.
ఇద్దరిలో ఎవరు మొండో తేలకుండానే
అతనికి బాత్రూం అవసరమొచ్చి తేల్చేసింది.

నెలకోసారి ఫారం నింపుతాం.
స్వతంత్రత అని రాసి దాని పక్కన గడులు.
నన్నెవరైనా అలా కొలిస్తే?
వంట: సహాయంతో.
డబ్బు: సహాయంతో.
కోపం: ఎవరి సహాయమూ అక్కర్లేకుండా.

ఆకలేస్తే ఫ్రిజ్ ముందు నిలబడతాడు, చేతులు వెనక్కి కట్టుకుని,
ఎవరో ఒకరు చూసేదాకా.
తిన్న మరుక్షణం ప్లేటు కడిగి, తుడిచి, అల్మరాలో పెట్టేస్తాడు,
ఈ ఇంట్లో ఎవరూ తిననే లేదని
ఒట్టేసి చెప్పొచ్చు అన్నట్టు.

నిన్న రాత్రి రెండున్నర.
సముద్రం మీద పొగమంచు సైరన్.
నేను లాండ్రీలో సాక్సుల జతలు వెతుకుతున్నాను.
తలుపు చప్పుడైంది.
తట్టిన చప్పుడు కాదు, పిడి తిరిగిన చప్పుడు.
ఫ్రిజ్ వెలుతురు నడవాలో పడింది.
అగాథ అక్క పంపిన రాప్యూర్, దుంప తురుముతో కాల్చింది,
ఒక ముక్క మిగిలుండాలి.
ఫోర్కు ప్లేటుకి తగులుతోంది.

వెళ్లి వేడి చేసి పెట్టనా అని కాళ్లు లాగాయి.
వెళ్లలేదు.
ఒంటి సాక్సు చేత్తో పట్టుకుని
ఆ నాలుగడుగులూ వెయ్యకుండా నిలబడ్డాను.
రాత్రంతటికీ నేను చేసిన పని అదే. జీతం దానికే.

అతను వెళ్లి పడుకున్నాక చూశాను.
ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు.
సింకులో ప్లేటు, ఫోర్కు, అంచున కొవ్వు మరక.
నా చెయ్యి స్పాంజి దాకా వెళ్లి ఆగిపోయింది.
పరాయి పంచన తిన్నవాడు ఎంగిలి కంచం వదిలిపెట్టి వెళ్లగలడా?

డ్యూటీ పుస్తకంలో రాశాను:
రెండున్నరకి లేచాడు. తిన్నాడు. పడుకున్నాడు.
ఇంకో వాక్యం రాసి కొట్టేశాను.

ఏడింటికి బెర్నిస్ వచ్చింది. నేను బూట్ల లేసులు కట్టుకుంటున్నాను.
"ఈ ప్లేటు ఎవరిది?"
నేను నోరు తెరిచేలోపే
నడవాలోంచి "నాది" అన్నాడు.

కడగడానికి మాత్రం కదల్లేదు.