నలభై ప్రతులు

రాత్రి పడుకోబోతూ "సరే" నొక్కాను.
నేను చేసింది అంతే.
తెల్లారేసరికి కంప్యూటర్‌కి కొత్త రంగులు,
గుండ్రటి అంచుల కిటికీలు.
ప్రింటర్ మాత్రం
నన్నెప్పుడూ చూడనట్టు కూర్చుంది.

ఎనిమిదింటికి ఎవారిస్తో కొడుకు ఫెర్మీన్ వచ్చాడు,
టోపీ చేతిలో పట్టుకుని.
ఎస్త్రెమదురాలో మా ఊరికి
చావు కబురు గోడలే చెప్పాలి:
నల్ల అంచు కాగితం, పేరు, వయసు,
ఎవరెవరు మిగిలారో ఆ వరస.
నాలుగింటికి పూడ్చిపెడతారు.
టెంప్లేట్ తెరిచి, పేరు మార్చి,
నలభై ప్రతులు అన్నాను.
"ఫిల్టర్ విఫలమైంది" అందది.

మూతపడ్డ బ్యాంకు వేలంలో కొన్న ప్రింటర్.
దానికి డ్రైవర్ రాసిన కంపెనీ
ఇప్పుడు కాఫీ మిషన్లు అమ్ముతోంది.
ముప్పై రెండు బిట్ల ముసలి డ్రైవర్‌ని
కొత్త సిస్టమ్ గుమ్మంలోనే నిలబెట్టి
ఏదో లైబ్రరీ లేదని తిప్పి పంపింది.
బాకీల లెక్కల ప్రోగ్రామూ తెరుచుకోలేదు.
అందులో ఎవారిస్తో పేర పదకొండు యూరోలు.

బిల్బావో నుంచి మేనకోడలు నెరేయా ఫోన్లో:
"పాత కెర్నల్ ఉంచావా?"
చోటు చాలదంటే తుడిచేశాను.
కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు.
పోనీ.
పాత నీటిలో నా బట్టలింకా నానుతున్నాయే!

చివరికి మార్కర్ తీశాను.
ఫెర్మీన్ స్కేలు పెట్టి నల్ల గీతలు గీశాడు,
వంకర పోతే మళ్ళీ గీశాడు.
చెప్పు, రాస్తానన్నాను.
కొడుకు, కోడలు, చెల్లెలు ప్రుదెన్సియా...
ఆగాడు.
మూడో కాగితం మీద గీత
అవసరానికి మించి లావు చేశాడు.
"కాందెలాస్‌ని కూడా రాయి."
ఇరవై రెండేళ్ళు ఎవారిస్తో వంటింట్లో దీపం వెలిగించిన మనిషి.
పెళ్ళి కాలేదు.
నా టెంప్లేట్‌లో ఆ వరసకి గడి లేదు.
ఏమని రాయను? అన్నాను.
"పేరు రాయి చాలు."

పదిహేడే అయ్యాయి. జిగురు ఆరకుండానే గంట మోగింది.

మూడు వారాలకి నెరేయా వచ్చి
ఎక్కడో ఏదో అతికించింది.
ఎవరూ అడక్కుండానే ప్రింటర్ గురక పెట్టి
క్యూలో ఉన్నదంతా కక్కింది:
నలభై సార్లు ఎవారిస్తో,
కాందెలాస్ లేకుండా.

పారేయలేదు. వెనక తెల్లగానే ఉంది కదా.
బాకీలు ఇప్పుడు వాటి మీదే రాస్తున్నాను.
మొదటి కాగితం వెనక
పదకొండు యూరోలు,
కొట్టివేత.