బరువు నేల

మధ్యాహ్నం మూడింటికి ఫైలు వస్తుంది.
గవర్నరుపేటలో కళ్ళజోళ్ళ షాపు పైన మూడో అంతస్తు,
ఏసీ కింద బకెట్టు,
నా ముందు ఐర్లాండు.

రేపటి నాలుగో పందెం. పద్నాలుగు గుర్రాలు, పదమూడు కంచెలు.
ఒక్కో గుర్రానికి నలభై మాటలు రాయాలి.
చివర్లో మూడింటిని ఎంచాలి:
గెలిచేది, గెలవగలిగేది, ఎవరూ చూడనిది.
నా పేరు వెయ్యరు. కింద 'మా ప్రతినిధి' అని ఉంటుంది.
ఆ ప్రతినిధి గన్నవరం విమానాశ్రయాన్ని
ఏలూరు బస్సులోంచి చూసింది.

నేను పందెం కాయను.
మా ఇంట్లో హరాం, రాష్ట్రంలో నేరం,
జీతం పద్నాలుగు వేలు.

గుర్రం పేరు పక్కన దాని బతుకంతా ఒక్క వరస:
మూడు, ఒకటి, ఎఫ్, రెండు, పీ, నాలుగు.
ఎఫ్ అంటే పడింది.
పీ అంటే రౌతు మధ్యలో ఆపేశాడు.
యూ అంటే
గుర్రం నిలబడే ఉంది, రౌతే లేడు.

ముందు నేల గురించి రాయాలి.
మెత్తన, బాగా మెత్తన, బరువు;
వాళ్ళ వానకి ఇన్ని మెట్లున్నాయి.
నాకు బరువు నేలంటే
తుపాను మర్నాడు తెనాలి దారిలో రేగడి.
కాలు వస్తుంది, చెప్పు రాదు.
'ఈ నేలలో వేగం కాదు, ఓపిక చూడండి' అని రాస్తాను.
ఫణీంద్ర గారు ఓపిక కొట్టేసి
స్టామినా అని పెడతాడు.

మా దాదా మౌలాలికి స్టామినా తెలీదు.
స్టేషను ముందు మిగిలిన ఆఖరి నాలుగు జట్కాల్లో
ఒకటి ఆయనది.
గుర్రాన్ని కొనేటప్పుడు పళ్ళు చూసేవాడు కాదు.
"పళ్ళు అమ్మేవాడే చూపిస్తాడు,
లద్దె ఎవడూ చూపించడు" అని
వెనక్కెళ్ళి నిలబడేవాడు.
తర్వాత చెవులు.
ముందుకున్న చెవి దారిని వింటోంది,
వెనక్కి వాలింది నిన్ను వింటోంది,
ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే
బేరం రేపటికి.

ఫైల్లో చెవుల గడి లేదు.

పదకొండో నంబరు, లేట్ ఫెర్రీ.
తొమ్మిదేళ్ళది, ముప్పై మూడుకి ఒకటి.
పాత వీడియోలో చూశాను,
వానలో, అందరి వెనకాల, బురద మొహంతో,
రెండు చెవులూ ముందుకే.
ఎవరూ చూడని దాని గడిలో దాన్ని రాశాను.
"ఎందుకమ్మా రమీజా?" అన్నాడు ఫణీంద్ర గారు.
"నేల" అన్నాను.

మర్నాడు రాత్రి ఎనిమిదీ నలభై. అక్కడ ఇంకా పగలే.
అల్లం టీ మీద మీగడ కట్టింది.
పన్నెండో కంచె దగ్గర అది రెండోది,
గాల్లో ఉన్నంతసేపూ
కుర్చీలోంచి నేనూ అరంగుళం.
మా జున్ను ఎప్పుడూ ఎగరలేదు.
ముగ్గురు మనుషులు, ఒక పరుపు చుట్టతో
కాలవ వంతెన ఎక్కడమే దాని ఎత్తు.
అక్కడ దాదా దిగి పక్కన నడిచేవాడు.

ఆఖరి కంచె.
లేట్ ఫెర్రీ ఆగింది.
పడలేదు, జారలేదు. ఆగింది.
రౌతు మెడ మీదుగా వెళ్ళి అవతల కూర్చున్నాడు.
దాని వరసలో ఇవాళ్టినుంచి ఆర్:
ఒప్పుకోలేదు.

జున్ను కూడా ఒకసారి ఆగింది,
అలంకార్ సెంటర్లో, మోకాలి లోతు నీళ్ళలో.
ఎక్కినాయన గొడుగుతో పొడిచాడు.
దాదా కొరడా పక్కన పెట్టి దిగాడు, కాలితో తడిమాడు.
రెండడుగుల ముందు మ్యాన్‌హోలు, మూత లేదు.
"ఆగిన గుర్రాన్ని కొట్టకండి సార్,
దిగి చూడండి."

ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పాను.
కంచె అవతల గడ్డి, నీళ్ళు,
టోపీ పట్టుకున్న ఒక ముసలాయన.
ఏమీ లేదు. తెర మీద ఏమీ లేదు.

గురువారం ఫైల్లో మళ్ళీ దాని పేరు.
నలభై మాటలు.
'పోయినసారి ఆఖరి కంచె దగ్గర ఆగింది' అని రాసి
ఎవరైనా దిగి చూశారా అని
అడగడానికి ఎవరూ లేక
నేల దగ్గర మొదలుపెట్టాను.